బస్సు ఆగని చోట్లు

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి వస్తే మీ పేపర్లో ఏటా ఒక ఫోటో తప్పదు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు, కింద ఎన్ని వేల బళ్లు దాటాయో లెక్క. ఈసారి ఆ బారులో మేమూ ఉన్నాం. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. గేటు దాటాక ఆ బళ్లు ఎక్కడెక్కడ ఆగాయో మాత్రం ఎవరూ రాయరు. చాలావరకు ఎక్కడా ఆగవు, ఆగినా అన్నీ ఒకే రకం హోటళ్ల ముందు ఆగుతాయి. దాని గురించి కొంచెం రాద్దామని కూర్చున్నాను. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి. మరుగుదొడ్ల సంగతి మాత్రం తీసేయకండి.

నేను ఆర్టీసీలో 29 ఏళ్లు స్టీరింగు పట్టి 2015లో రిటైరయ్యాను. అందులో ఎక్కువ కాలం హైదరాబాద్–విశాఖ లైనే. అప్పట్లో ఈ రోడ్లకి 9, 5 అని నంబర్లు. ఇప్పుడు 65, 16 అంటున్నారు. ఏ మలుపులో గేరు తగ్గించాలో, ఏ ఊరి దగ్గర గేదెలు అడ్డం వస్తాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ ఊళ్లలో ఏముందని అడిగితే మాత్రం నోరు మెదపలేను. నైట్ సర్వీసు వాడికి ఊరంటే హెడ్‌లైటు వెలుగులో ఒక్క క్షణం కనిపించే బోర్డు. బస్సు టీకి ఆగుతుంది, టైరు పేలితే ఆగుతుంది. అన్నవరం ఒక్కటే మినహాయింపు. విశాఖ నుంచి వచ్చేటప్పుడు సాయంత్రం కొండ కింద ప్రసాదం కోసం ఆపకపోతే బస్సులో తిరుగుబాటే. ఆకులో చుట్టిన ఆ వేడి గోధుమ రవ్వ ప్రసాదం వాసన తుని దాకా వదలదు... కాదు, తుని వెనకే ఉండిపోతుంది కదా, జగ్గంపేట దాకా అనాలి. చూశారా, ఇన్నేళ్లయినా దిక్కులు మాత్రం మర్చిపోలేదు.

ఈ ఏడు మా అబ్బాయి కారులో మా ఊరు కశింకోట వెళ్లాం. అబ్బాయి, కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు, మా ఆవిడ, నేను. ఫోన్లో మ్యాపు పదకొండు గంటలని చూపించింది. ఒక్కరోజులో కొట్టేద్దామన్నాడు మావాడు. నేను రెండు రోజులన్నాను. డ్రైవరు నాన్నవి, తొందర పడాల్సింది పోయి ఇదేంటి అన్నాడు. పెద్ద పండక్కి మూడు రోజుల ముందే బయల్దేరదాం, రాత్రి రాజమండ్రిలో పడుకుందాం, దారిలో నేను చెప్పిన చోటల్లా ఆపాలి అని షరతు పెట్టాను. కోడలు నా వైపు మాట్లాడింది కాబట్టి నెగ్గాను. బండి నడిపేది కూడా సగం దారి ఆ అమ్మాయే.

పొద్దున్న ఏడు దాటాకే బయల్దేరాం. చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర మంచు ముద్దలా పడింది. కొత్తగా కారు కొన్నవాళ్లకి ఒక మాట. మంచులో లైట్లు డిమ్‌లోనే ఉంచాలి. హైబీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడ లేస్తుంది తప్ప రోడ్డు కనిపించదు. నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ బండి నడుపుతారు కొందరు. వెనక వచ్చేవాడికి నువ్వు ఆగావో, వెళ్తున్నావో, పక్కకి తిరుగుతున్నావో ఎలా తెలియాలి? మా రోజుల్లో మంచు మరీ ఎక్కువైతే ఏదైనా పెట్రోలు బంకులోకి బస్సు తిప్పేసి, ప్యాసింజర్లు తిట్టినా సరే, ఎండ వచ్చేదాకా కూర్చునేవాళ్లం.

సూర్యాపేటలో టీ హాల్టు నాకు ఉద్యోగంలో భాగం. అక్కడ ఎన్ని వేల టీలు తాగి ఉంటానో. ఆ ఊరికి కూతవేటు దూరంలో పిల్లలమర్రి ఉంది. అక్కడి ఎరకేశ్వరాలయం 1208 నాటిదట, కాకతీయుల కాలం. నేను టీ గ్లాసు పట్టుకుని బస్సు టైర్లు తన్ని చూసుకుంటున్న ఆ రాత్రులన్నిటా, పొలాల అవతల చీకట్లో అది అలాగే నిలబడి ఉందన్న మాట. గుడి ముందు శాసనం రాయి ఉంటుంది. మనవరాలు దాని మీద అక్షరాలు చదవబోయి, 'తాతా, ఇది తెలుగేనా?' అంది. పూజారిగారు ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ, ఇది మన 'క', తలకట్టు ఇలా ఉండేది అని చెప్పారు. ఆ పిల్ల నల్లరాతి స్తంభాన్ని అరచేత్తో నిమురుతూ చాలాసేపు నిలబడింది. అంత చలిలోనూ రాయి ఎంత నున్నగా ఉందంటే, ఎవరో రాత్రే సానబట్టి వెళ్లినట్టుంది. మావాడు మధ్యలో రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. తర్వాత చూడ్డం మానేశాడు.

జగ్గయ్యపేట దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. అక్కడ ధనబోడు అనే గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. 1882లో బర్జెస్ అనే దొర తవ్వి తీశాడు. ఇక్ష్వాకుల రాజు వీరపురుషదత్తుడి పేరుతో శాసనాలు దొరికాయి. చక్రవర్తి చెయ్యెత్తితే మేఘాల్లోంచి నాణేలు రాలుతున్నట్టు చెక్కిన ప్రసిద్ధమైన పలక కూడా ఇక్కడిదే. ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఇవన్నీ మనవరాలికి చెబుతూ నేనే మలుపు దాటించేశాను. మాకు బోర్డేదీ కనబడలేదు. ఉందేమో, మా కంటబడలేదు. తిరుపతి ఎన్ని కిలోమీటర్లో, బిర్యానీ ఎన్ని కిలోమీటర్లో చెప్పే బోర్డులు మాత్రం బోలెడు కనబడ్డాయి.

అప్పుడు మావాడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. బండి పక్కకి తీసి రివర్స్ గేరు వేశాడు. హైవే మీద! నా గొంతు డ్యూటీలో లేచినట్టు లేచింది. 29 ఏళ్లలో నేను చూసిన ఘోరాల్లో సగం ఇలాంటి వంద గజాల దగ్గరే జరిగాయి. ముందు ఎక్కడో యూ టర్న్ ఉంటుంది, తిరిగి రావచ్చు. అప్పటికే ఆకలి వేళ దాటిపోతోంది. వద్దులే అనుకుని ముందుకే వెళ్లిపోయాం. స్తూపం అలా మిగిలిపోయింది.

అందుకే అడుగుతున్నాను. మలుపుకి రెండు కిలోమీటర్ల ముందు ఒకటి, అరకిలోమీటరు ముందు ఒకటి, తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టలేమా? ఊరి పేరొక్కటే రాస్తే చాలదు. అక్కడ ఏముందో, ఎన్నాళ్ల నాటిదో, రోడ్డు నుంచి ఎంత దూరమో రాయాలి. 'పిల్లలమర్రి' అని రాస్తే ఎవడు ఆగుతాడు? 'ఎనిమిది వందల ఏళ్ల గుడి' అని రాయండి, కనీసం వెనక సీట్లో పిల్లలైనా అడుగుతారు.

ఇక మరుగుదొడ్లు. ఎక్కడని చెప్పను, విజయవాడకి ఇవతలే ఒక పెద్ద హోటలు. బయట పాతిక కార్లు. కోడలు, మనవరాలు లోపలికి వెళ్తే తాళం వేసి ఉంది. కౌంటర్లో అడిగితే బిల్లు చూపించమన్నాడు. ముందు తిని, ఆ తర్వాత వెళ్లాలట. కోడలు రెండు వాటర్ బాటిళ్లు కొని బిల్లు చూపించి తాళం తీసుకుంది. లోపల నీళ్లు లేవు. కొన్న బాటిళ్లే పనికొచ్చాయి. బయటికొచ్చి నవ్వుతూనే చెప్పింది గానీ, ఆ తర్వాత రాజమండ్రి దాకా ఆ అమ్మాయి గుక్కెడు నీళ్లు తాగలేదని నేను గమనించాను. నా బస్సులో ఆడవాళ్లు కూడా ఇంతే. రాత్రి ఎక్కేముందు టీ వద్దనేవాళ్లు, నీళ్లు వద్దనేవాళ్లు. అప్పుడు నాకు అర్థం కాలేదు. హాల్టులో 'పది నిమిషాలే, దిగేవాళ్లు దిగండి' అని అరిచి నా టీ నేను తాగేవాణ్ని. దిగి ఎక్కడికి వెళ్తారన్నది ఆలోచించలేదు. చూడదగ్గ చోటు దగ్గర ఒక శుభ్రమైన మరుగుదొడ్డి, ఒక కుళాయి, దాన్ని చూసుకోవడానికి జీతం ఇచ్చి ఒక మనిషిని పెడితే జనం వాళ్లంతట వాళ్లే ఆగుతారు. పది రూపాయలు తీసుకున్నా ఎవరూ ఏమనరు.

కొండపల్లిలో బొమ్మలు కొన్నాం, తెల్లపొణికి కర్రతో చేసిన తాటిచెట్టు, దాని మీద కల్లుగీత కార్మికుడు. దాని గురించి అందరికీ తెలిసిందే, రాయను.

రాత్రి రాజమండ్రి. పొద్దున్నే వెనక్కి వచ్చి కడియపులంక నర్సరీల్లో ఆగాం. ఇది నాకు సొంత విషయం. నా బస్సు కడియం దాటేది తెల్లవారుజామున మూడింటి ప్రాంతంలో. ఎంత నిద్ర ముంచుకొస్తున్నా అక్కడికి రాగానే కిటికీలోంచి తడిమట్టి వాసన, పూల వాసన కలిసి ముఖాన కొట్టేవి. ఆ చల్లగాలికి మెలకువ వచ్చేసేది. ఆ వాసన ఎక్కడి నుంచి వస్తోందో పగలు ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూశాను. బంతి, చామంతి, పేర్లు తెలియని సీమ పూలు, మంచు తడితో బారులు బారులుగా. ఒకామె పీట మీద కూర్చుని గులాబీకి అంటు కడుతోంది. బ్లేడుతో కొమ్మ మీద బెరడు గీసి, కాస్త విప్పి, ఇంకో రకం గులాబీ కన్ను అందులోకి దూర్చి, ప్లాస్టిక్ రిబ్బను చుట్టి ముడేస్తుంది. కన్ను మాత్రం బయటికి కనిపించాలి. మాట్లాడుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. రోజుకి ఎన్ని కడతావమ్మా అంటే, 'లెక్కెట్టుకుంటే కట్టలేమండి' అంది. మనవరాలు ఒక చిన్న గులాబీ మొక్క కొని ఒళ్లో పెట్టుకుంది. దాని మట్టి మా కారు సీటంతా అయ్యింది. కోడలు ఏమీ అనలేదు, మావాడే అన్నాడు.

తుని దాటాక రోడ్డు పక్కన తేగలు. ఈ చలికాలం దాటితే దొరకవు. మా ఆవిడ 'ఆపు ఆపు' అనడం, కోడలు బ్రేకు వేయడం, వెనక లారీ హారను, అన్నీ ఒక్కసారే. ఇదే నా భయం. అమ్మేవాళ్లు పాపం ఎక్కడ కూర్చుంటారు? రోడ్డు వెడల్పయ్యాక వాళ్ల తాటిచెట్లు పోయాయి, వాళ్లు కూర్చునే చోటు పోయింది. ఇప్పుడు తెల్లగీతకి ఆనుకుని గోనెపట్టా పరుచుకుంటున్నారు. కొనేవాడు సగం బండి రోడ్డు మీదే పెట్టి దిగుతాడు. కొంచెం ముందుకి పోనిచ్చి, మట్టిలోకి దింపి, వెనక్కి నడిచి వెళ్లాం.

'తంపటేసినవే బాబూ, రాత్రేసినాం, ఇంకా వెచ్చగున్నాయి సూడండి' అని తేగలమ్మే ఆవిడ ఒకటి నా చేతిలో పెట్టింది. నిజంగానే వెచ్చగా ఉంది. ఆవిడే మనవరాలికి వలిచి చూపించింది. పైపొర తీసి, మధ్యకి నిలువునా విరిస్తే లోపల సన్నగా తెల్లగా చందమామ. 'ఇది ముందు తినాల, అన్నిట్లోకీ ఇదే తీపి' అంది. ఆ పిల్ల మొదటి తేగ తింటోందని ఆవిడకి ఎలా తెలిసిందో గానీ, కట్టకి రెండు ఎక్కువ వేసింది. ఇక్కడ బేరమాడిన వాడు మా ఇంట్లో ఎవరూ లేరని గర్వంగా చెప్పుకుంటున్నాను. మా ఆవిడ నోరు తెరవబోయింది, చెయ్యి నొక్కాను.

ఇలాంటి చోట్ల రోడ్డుకి పక్కగా ఓ పది బళ్లు నిలిచేంత జాగా, పైన నాలుగు రేకులు వేస్తే ఏం పోతుంది? లారీలకి ఆగే చోట్లు కొన్ని కట్టారు, మంచిదే. తేగలమ్మే ఆవిడకి, రేగుపళ్లు, చెరుకు అమ్మేవాళ్లకి అక్కడే చోటిస్తే వాళ్ల ప్రాణానికీ మన ప్రాణానికీ పూచీ ఉంటుంది. ఆగొద్దని బోర్డులు పెట్టి లాభం లేదు. జనం ఆగుతారు. నాకు తెలుసు.

లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాకలో ఆగుదామన్నది మనవరాలు. 2025 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కవాతులో మన శకటం మీద ఆ బొమ్మలు టీవీలో చూసిందట. హైవే నుంచి కాసేపట్లో వెళ్లిపోయే దూరమని దానికీ తెలియదు, ఇన్నేళ్లు దాటిపోయిన నాకూ తెలియదు. లేతు మీద అంకుడు కర్ర గిర్రున తిరుగుతుంటే, లక్క కడ్డీ దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి రంగు కర్రకి పట్టేస్తుంది. తర్వాత మొగలి ఆకు పెట్టి రుద్దితే మెరుపు వస్తుంది. మా ఆవిడ కుంకుమ భరిణె కొంది. మనవరాలు బొంగరం కొంది. నేను లేతు వైపు చూస్తూ నిలబడిపోయాను. ఆయన కాలు, చెయ్యి, కన్ను మూడూ ఒకే లయలో ఉన్నాయి. మంచి డ్రైవరు చెయ్యి అలాగే ఉంటుంది.

కశింకోట చేరేసరికి సాయంత్రం. పండగ సంగతులు మీకెందుకు గానీ, కనుమ నాటి సంగతి చెప్పి ఆపేస్తాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా వైపు మాత్రం ఆ రోజు జనం అనకాపల్లి దగ్గర శంకరం కొండకి బయల్దేరుతారు. బొజ్జన్నకొండ తీర్థం. చిన్నప్పుడు మా నాన్న భుజాల మీద కూర్చుని వెళ్లాను. కాస్త పెద్దయ్యాక నడిచి వెళ్లాను. వెళ్లేటప్పుడే దారిలో రాళ్లు ఏరి లాగు జేబులో వేసుకునేవాళ్లం. అక్కడ బొజ్జ ఆకారంలో ఒక రాయి ఉండేది. అది రాక్షసుడి పొట్ట అని, కొట్టి రావాలని పెద్దలు చెప్పేవారు. కొట్టేవాళ్లం. బాగా తగిలితే చప్పట్లు. నాది మంచి గురి.

అది బౌద్ధుల చోటని నాకు తెలిసింది రిటైరయ్యాక, తీరిగ్గా మీ ఆదివారం పేపరు చదివాక. శంకరం అంటే సంఘారామం. 1907 ప్రాంతంలో పురావస్తు శాఖ దొర అలెగ్జాండర్ రీ తవ్వించినప్పుడు కొండ గుహలు, రాతిని తొలిచిన స్తూపాలు బయటపడ్డాయి. పక్కనున్న లింగాలకొండ మీద వరసగా కనిపించేవి లింగాలు కావు, అవీ స్తూపాలే. పాత కట్టడాల్ని కాపాడే ఇన్‌టాక్ సంస్థ వాళ్లు పూనుకున్నాక రాళ్లు కొట్టడం ఆగిపోయింది. తీర్థం మాత్రం సాగుతోంది, అదీ మంచిదే.

ఈ కనుమకి మనవరాలిని తీసుకెళ్లాను. మెట్లెక్కి గుహలో బుద్ధుణ్ణి చూశాం. కింద జీళ్లు, బుడగలు, రంగులరాట్నం. నేను రాళ్లు విసిరిన సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది కాదనిపించింది. 'ఎందుకు తాతా?' అంది. రాక్షసుడనుకున్నామమ్మా అన్నాను. 'ఎవరూ బోర్డు పెట్టలేదా అప్పుడు?' అని అడిగింది. లేదమ్మా అన్నాను. తర్వాత అది జీళ్ల కొట్టు దగ్గరకి పరిగెత్తింది. నేను కాసేపు మెట్ల మీదే కూర్చున్నాను, మోకాళ్లు కూడా నొప్పెట్టాయి లెండి.

పిల్లలు నిన్న హైదరాబాద్ తిరుగు ప్రయాణమయ్యారు. మేమిద్దరం శివరాత్రి దాకా ఇక్కడే. మధ్యాహ్నం మూడింటికి కోడలు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. ఎండిన గడ్డి మధ్య గుండ్రటి పాత ఇటుక దిబ్బ, దాని పక్కన చేతులు కట్టుకుని మా అబ్బాయి. కింద రాసింది: 'మావయ్యగారూ, జగ్గయ్యపేట. ఈసారి రివర్స్ చెయ్యలేదు, యూ టర్న్ తిరిగే వచ్చారు.'

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ డ్రైవరు,
కశింకోట, అనకాపల్లి జిల్లా